రేవు దాటించు బాధ్యత

స్పెయిన్ దేశమున ఉద్యోగము చేయుచున్న మా ఆదోని యువకుడొకడు, అల్హెసిరాస్ రేవునుండి మొరాకోలోని టాంజియర్‌కు ఓడలో దాటుటకై సిద్ధపఱచుకొన్న ప్రయాణపత్రమును ఈ వారము అతని తండ్రి నాకు చూపినాడు. ఓడ బయలుదేరు వేళ, రేవునకు ఎంత ముందుగా చేరవలెనో, పాస్‌పోర్టుపై ముద్ర ఎచ్చట వేయుదురో, తూర్పుగాలి ఉద్ధృతమైననాడు ప్రయాణము ఆగిపోయినచో ఏమి చేయవలెనో, వేసవిలో స్పెయిన్ గడియారము మొరాకో గడియారముకంటె ఒక గంట ముందు నడచును గనుక దిగినపిమ్మట వేళను ఎట్లు సరిచేసికొనవలెనో, సమస్తమును అందున్నది. కుమారుని జాగ్రత్తకు తండ్రి మురిసిపోయినాడు. నాకు మాత్రము, అందులో సగము జాగ్రత్తయైనను మన తుంగభద్ర రేవులయందు ఏ ప్రభుత్వమును చూపలేదుగదా అను దుఃఖము కలిగినది.

ఆ జలసంధి మిక్కిలి ఇఱుకైన చోట 14 కిలోమీటర్ల వెడల్పు మాత్రమే. అంతమాత్రపు నీటికి ఈవల ఆవల భాష వేఱు, మతము వేఱు, నాణెము వేఱు, ఖండమే వేఱు. 1492లో గ్రెనడా పతనమైన నాటినుండియు ఆ తీరముల నడుమ కలహములు అనేకము. ఆఫ్రికా గడ్డపై స్పెయిన్ ఏలుబడిలోనున్న స్యూటా, మెలిల్లా పట్టణముల తగవు నేటికిని తెగలేదు. అట్టి రెండు రాజ్యములు 1986 మొదలుకొని దాదాపు ప్రతి వేసవియందును, జూన్ నడుమనుండి సెప్టెంబరు నడుమ వరకు, ఫ్రాన్సు, బెల్జియము, హాలెండు దేశములలో కాయకష్టముచేసి స్వగ్రామములకు మరలు ఉత్తరాఫ్రికా కుటుంబములను క్షేమముగా దాటించుటకు కలసి ఏర్పాట్లు చేయుచున్నవి. ఇటీవలి వేసవులలో రాకపోకలు కలిపి ఏటేట 30 లక్షలమందికి పైగా అట్లు దాటినారు. రద్దీ దినములలో ఒక కంపెనీ టిక్కెట్టుతో మఱియొక కంపెనీ ఓడనెక్కవచ్చును. రేవులలో నీడ, మంచినీరు, వైద్యులు సిద్ధముగా నుందురు. శ్రామికుని ప్రయాణము ప్రభుత్వకార్యమని అంగీకరించిన నీతి అది. నేను గౌరవించుచున్నది ఓడలను గాదు, ఆ నీతిని.

ఇక మన నదికి వత్తము. 1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తముచేసినది మొదలు 1948 వరకు తుంగభద్ర రెండు ప్రభుత్వముల నడుమ ఎల్లయై ప్రవహించినది. ఆవలి యొడ్డున నిజాము నాణెమగు హాలీ సిక్కా చెల్లెడిది, కరోడ్‌గిరీవారు మూటలు విప్పించి సుంకము వసూలు చేసెడివారు. నేడు ఆవల పడమట కర్ణాటకము, తూర్పున తెలంగాణము. ఎల్లలు ఎన్ని మాఱినను ఇరుగట్లవారి బంధుత్వములు మాఱలేదు. మంత్రాలయమున మ్రొక్కినవారే గాణధాళు పంచముఖి ఆంజనేయునకును మ్రొక్కుదురు, కౌతాళము పిల్లను రాయచూరు సీమకిచ్చి ఆ సీమ పిల్లను ఇంటికి దెచ్చుకొందురు. దాటు సాధనమును మాఱలేదు. 1520 ప్రాంతమున విజయనగరము చూడవచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, పేము అల్లి తోలు కప్పిన గుండ్రని పడవలలో పదునైదు ఇరువదిమంది నది దాటుట వర్ణించినాడు. నేటి పుట్టియు అదియే. తోలునకు మాఱుగా ప్లాస్టిక్ పట్టా, తారు వచ్చినవి.

పుట్టిని నేను నిందింపను. బండలతో, సుడులతో, వేసవిలో మోకాలిలోతు నీటితోనుండు ఈ నదికి తగిన వాహనమదియే, దానిని త్రిప్పు నేర్పు ఐదువందల యేండ్ల విద్య. నా ఆరోపణ వేఱు. ఆ పుట్టికి వేళ లేదు. ఎక్కువారి లెక్క లేదు. లైఫ్ జాకెట్ లేదు. మునిగినచో జవాబు చెప్పు అధికారి లేడు. రేవులను ప్రకటించి, పాటపెట్టి, క్రమపఱచుటకు మద్రాసు ప్రభుత్వము 1890లోనే కాలువల, రేవుల చట్టమొకటి చేసినది. చట్టమునకు నూటముప్పది యేండ్లు నిండినవి, రేవునకు నేటికిని ఒక పలక లేదు.

మాధవరమువద్ద వంతెన యుండగా పుట్టి ఎందుకని పెద్దలు అడుగుదురు. 2009 అక్టోబరు వరదలో నాగలదిన్నె వంతెన కొట్టుకొనిపోయినపిమ్మట ఎమ్మిగనూరు, అయిజ సీమల ప్రజలు పడిన పాట్లు వారు మఱచినారా? మంత్రాలయమున రాఘవేంద్రస్వామి ఆరాధన శ్రావణ బహుళమున వచ్చును. హోస్పేట ఆనకట్ట గేట్లెత్తు కాలమును అదియే. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ ఆనకట్ట 19వ గేటు కొట్టుకొనిపోయినది, ఆరాధనకు రమారమి పదిదినముల ముందు. ఎంత నీరు వదలిన పుట్టి ఆపవలెనో, ఆ మాట ఇరుగట్లకు ఎవరు చెప్పవలెనో వ్రాసియుంచిన నియమము రేవున కనబడవలదా? 2017లో కృష్ణలో పవిత్ర సంగమమువద్ద, 2019లో గోదావరిపై కచ్చులూరువద్ద పడవలు మునిగినపిమ్మటనే నియమములు జ్ఞప్తికి వచ్చినవి. శవములు తేలినపిమ్మట మేల్కొను ప్రభుత్వము ప్రభుత్వమనిపించుకొనదు.

మొరాకో శ్రామికులను తలచుకొన్నప్పుడు నా మనస్సు నదిని విడిచి మన రోడ్లమీదికి పోవుచున్నది. కోసిగి, కౌతాళము, పెద్దకడబూరు, హొళగుంద మండలములనుండి పంటలైన తోడనే కుటుంబములకు కుటుంబములు సుగ్గికి, అనగా కూలిపనుల వలసకు, పోవుచున్నవి, గుంటూరు మిరపచేలకు కొందఱు, బెంగళూరు కట్టడములకు కొందఱు. తలుపులకు తాళములు, అరుగులపై వృద్ధులు, బడిలో ఖాళీ బల్లలు. తల్లి ఒడిలోని పసికందుతో, వంటపాత్రలతో, లారీలలో టెంపోలలో నిలువుకాళ్లపై రాత్రియంతయు సాగు ఆ ప్రయాణమునకు ఏ ప్రభుత్వమును కాగితము వ్రాయలేదు. కోసిగిలో రైల్వేస్టేషనున్నది, ఆదోనిలో నున్నది. గుంతకల్లుమీదుగా గుంటూరునకు పట్టాలున్నవి. సుగ్గి నెలలలో ఒక ప్రత్యేక రైలు మాత్రము లేదు. ఎమ్మిగనూరునకు రైలే లేదు. కర్నూలు–మంత్రాలయము మార్గము కొఱకు అర్జీలు వ్రాసిన తరము వృద్ధమైనది. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘమును నెలకొల్పి నేతగానికి ఇంటివద్దనే పని చూపినారు. ఒక వ్యక్తి సంకల్పము చేసినదానిని సర్వాధికారములుగల ప్రభుత్వములు ఏల చేయజాలవు?

నేను కోరునది మూడు పనులు. ఆంధ్ర, కర్ణాటక, తెలంగాణ ప్రభుత్వములు తుంగభద్ర రేవులకు ఉమ్మడి సంఘమొకటి నియమించి, ప్రతి రేవున వేళలు, పరిమితి, వరదనాడు ఆపు నియమము పలకపై వ్రాయింపవలెను. సుగ్గి కాలమున ఆదోని, కోసిగి స్టేషన్లనుండి రైళ్లు, ఎమ్మిగనూరునుండి ఆర్టీసీ బస్సులు నడుపవలెను. వలసపోవువారి బిడ్డల సీజనల్ హాస్టళ్లను తల్లిదండ్రులు లారీ ఎక్కకమునుపే తెఱవవలెను. వచ్చు ఎన్నికలలో ఓటడుగ వచ్చువారిని పాఠకులు ఈ మూడింటికి తేదీ చెప్పుమని నిలదీయుదురుగాక.