బ్రేస్ ఫలించలేదా, పెట్టుకోలేదా?

సంపాదకులు గారికి,

గత ఆదివారం మీ ఆరోగ్య పేజీలో వెన్ను వంకర, అదే స్కోలియోసిస్ మీద వచ్చిన వ్యాసం బాగుంది. కానీ వంకర పెరగకుండా ఒంటికి బిగించే బ్రేస్ ఫలించకపోతే ఆపరేషనే గతి అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఫలించలేదని చెప్పేముందు, బ్రేస్ వేసిన పిల్ల దాన్ని రోజుకు ఎన్ని గంటలు పెట్టుకుందో ఎవరైనా చూశారా? ఫిజియోథెరపిస్టుగా నాకు తెలిసినంతలో చూడరు. "పెట్టుకుంటోందా అమ్మా?" అని డాక్టరుగారు అడుగుతారు. "రాత్రీ పగలూ అదేనండీ" అంటుంది తల్లి. పిల్ల నేలచూపులు చూస్తుంది. కేసు షీట్లో "రెగ్యులర్‌గా వాడుతోంది" అని పడిపోతుంది.

తల్లి అబద్ధమాడుతోందని కాదు. అందరూ నిద్రపోయాక పిల్ల విప్పేసి తెల్లారేలోగా మళ్లీ బిగించుకుంటే ఆవిడకేం తెలుస్తుంది? చుట్టాలొస్తే ఆవిడే తీయిస్తుందనుకోండి, రేపు పెళ్లి సంబంధాలకు అడ్డమవుతుందని. ఆ గంటలు ఆవిడ లెక్కలోకి రావు.

ఊహలతో పనిలేకుండా కొలిచే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. అమెరికా, కెనడాల్లో జరిగి 2013లో ఫలితాలు వెలువడిన బ్రెయిస్ట్ అధ్యయనంలో, ఉష్ణోగ్రతను నమోదుచేసే చిన్న సెన్సర్‌ను బ్రేస్‌లోనే అమర్చారు. రోజుకు కనీసం 18 గంటలు పెట్టుకోమన్నారు. సగటున 13 గంటలో, ఆపైనో పెట్టుకున్న పిల్లల్లో 90 శాతానికి పైగా వంకర 50 డిగ్రీలకు చేరకుండానే ఎదుగుదల ముగించారు. ఆరు గంటలలోపు పెట్టుకున్నవాళ్లకు, బ్రేస్ లేనివాళ్లకన్నా ఒరిగిందేమీ లేదు.

ఇలా సెన్సర్ పెట్టడం పిల్లల మీద నిఘా కాదా అని కొందరు అడుగుతారు. చాటుగా పెడితే నిఘాయే. డల్లాస్‌లోని ఒక పిల్లల ఆస్పత్రి వైద్యులు సెన్సర్ ఉందని ముందే చెప్పి, వచ్చినప్పుడల్లా ఆ గంటలు చూపించి మాట్లాడారు. వైద్యులు అలా మాట్లాడిన పిల్లలు సగటున 13.8 గంటలు పెట్టుకుంటే, మిగిలినవాళ్లు 10.8 దగ్గరే ఆగారు. మనదగ్గరా ఆ గంటల లెక్క రాసిన కాగితం ముందు పిల్ల చేతికే ఇవ్వాలి, తల్లిదండ్రులకు తర్వాత.

అలాగని అక్కడి సెట్టింగులు తెచ్చి ఇక్కడ అతికిస్తే నవ్వులపాలవుతాం. బ్రెయిస్ట్ అధ్యయనంలో సెన్సర్ ఉష్ణోగ్రత 28 డిగ్రీల సెల్సియస్ చేరితే బ్రేస్ ఒంటిమీద ఉన్నట్టే లెక్క. మే నెల రాజమండ్రిలో కుర్చీ మీద పడేసిన బ్రేస్ కూడా రోజల్లా బుద్ధిగా పెట్టుకున్నట్టు చూపిస్తుంది! మన గదుల వేడికి తగ్గట్టు లెక్క మార్చుకోవాలి. పట్టీలు వదులుగా కట్టుకున్నా సెన్సర్ పసిగట్టలేదు, అది చేత్తో చూడాల్సిందే. మధ్యాహ్నం చెమటకు, ఒరుపుకు తాళలేక తీసేస్తోందని గ్రాఫ్‌లో కనబడితే, ఆ గంటల్ని సాయంత్రానికి, రాత్రికి సర్దవచ్చేమో డాక్టరు ఆలోచించవచ్చు. ఇప్పుడు తిట్లే తప్ప సర్దుబాటు లేదు.

చెప్పినన్ని గంటలూ పెట్టుకున్నా వంకర పెరిగే పిల్లలు కొందరుంటారు. లెక్క లేకపోతే "నువ్వు సరిగ్గా పెట్టుకోలేదు" అన్న నింద వాళ్లూ మొయ్యాలి. బ్రేస్ తయారుచేసేవాళ్లు సెన్సర్‌ను అందులోనే బిగించి ఇవ్వాలని, ఎక్స్‌రే పక్కన ఆ రిపోర్టు కూడా పెట్టుకున్నాకే డాక్టర్లు ఆపరేషన్ మాట ఎత్తాలని నా విన్నపం.

— ఒక ఫిజియోథెరపిస్టు, రాజమహేంద్రవరం