తన గానానికి తానే శ్రోత

కచేరీ ముగియగానే సభలో కరతాళ ధ్వనులు మిన్నంటుతాయి. సన్నిహితులు వేదికపైకి వచ్చి ప్రశంసలు కురిపిస్తారు. అయితే ఆనాటి గానంలో శ్రుతి ఎక్కడ తప్పిందో, లయ ఎక్కడ సడలిందో కళాకారునికి చెప్పేవారెవరు? గురువు ప్రతి సభకూ రాలేడు. ఆ పనిని నిర్మొహమాటంగా చేయగలిగినది కచేరీ ధ్వనిముద్రణమేనని నా అభిప్రాయం.

1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫును రూపొందించే వరకు మానవునికి తన కంఠాన్ని తాను తిరిగి వినే భాగ్యం లేదు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినప్పుడు ఒక్కొక్క గ్రామఫోన్ రికార్డులో ఇమిడినది సుమారు మూడు నిమిషాల గానమే. నేడు రెండు గంటల కచేరీ యావత్తూ జేబులోని సెల్‌ఫోనులో నిలుస్తుంది.

పాడేటప్పుడు మన కంఠధ్వని గాలి ద్వారానే గాక పుర్రె ఎముకల ద్వారా కూడా మన చెవికి చేరుతుంది. అందువల్ల మనం వినే గొంతు వేరు, శ్రోతలు వినే గొంతు వేరు. రికార్డులోని స్వరం తొలిసారి పరాయిదిగా తోచడానికి కారణమిదే. పైగా వేదికపై కలిగే ఉత్సాహం మన ఎరుక లేకుండానే కాలప్రమాణాన్ని పెంచుతుంది. ఆదితాళ కీర్తనలో పల్లవి తొలి ఆవర్తనానికీ, చివర మరల అందుకొన్న పల్లవి ఆవర్తనానికీ పట్టిన కాలాన్ని గడియారంతో కొలిస్తే ఆ నిజం బయటపడుతుంది. వయొలిన్ విద్వాంసుడు రాగాన్ని అందుకొని వాయించినప్పుడు మనం విన్నామా, విస్మరించామా అన్నదీ తేటతెల్లమవుతుంది. ఇంటిలో ఒంటరిగా చేసే సాధనలో ఈ లోపాలు కనిపించవు.

యంత్రం గురువుకు సాటి వస్తుందా అని కొందరు ఆక్షేపిస్తారు. రాదు. దోషాన్ని రికార్డు చూపుతుంది. దిద్దుకొనే మార్గాన్ని గురువే చూపాలి. తప్పులే వెదకుతూ కూర్చుంటే మనోధర్మం మొద్దుబారుతుందనే భయంలోనూ కొంత సత్యం ఉంది. కాబట్టి కచేరీ జరిగిన రాత్రే వినక, మనసు కుదుటపడిన తరువాత వినాలి. మొదటిసారి సామాన్య శ్రోతవలె ఆసాంతం వినాలి. రెండవసారి కలం, కాగితం చేతబట్టి వినాలి. లోపాలతోపాటు చక్కగా కుదిరినవాటినీ రాసుకోవాలి. వాటిలో ఒక్క లోపాన్ని ఎంచుకొని, మరుసటి కచేరీలోగా దానిని సవరించుకోవాలి.

చిత్రకారుడు నాలుగడుగులు వెనుకకు వేసి తన చిత్రాన్ని పరిశీలించగలడు. గాయకుడు పాడుతూ తన పాటకు దూరంగా నిలువలేడు. ఆ దూరాన్ని ధ్వనిముద్రణం కల్పిస్తున్నది. పరుల పొగడ్తను నమ్మడం సులభం; తన లోపాన్ని తన చెవితో విని అంగీకరించడం కష్టం. ఆ కష్టానికి వెనుదీయనివారి విద్యే దినదినాభివృద్ధి చెందుతుంది.