దీపం ధర చూస్తే చాలదు

సరుకు ధరలో రూపాయి తగ్గించుకోవడానికి పూటంతా బేరమాడే వ్యాపారి, నెలనెలా వచ్చే విద్యుత్ బిల్లును మాత్రం విధివ్రాతగా స్వీకరించడం విచిత్రం. దేశంలోని అనేక రాష్ట్రాలలో దుకాణాలు గృహ వినియోగదారుల కన్నా ఎక్కువ రేటు చెల్లిస్తున్నాయి. కనుక వృథా అయ్యే ప్రతి యూనిట్ నష్టమూ వ్యాపారికే అధికం.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక బట్టల దుకాణంలో 20 పాత ట్యూబులైట్లు ఉన్నాయనుకుందాం. చోకుతో కలిపి ఒక్కొక్కటి సుమారు 55 వాట్లు వాడుతుంది. రోజుకు 10 గంటల చొప్పున 300 రోజులకు అయ్యే ఖర్చు 3,300 యూనిట్లు. వాటి స్థానంలో 20 వాట్ల ఎల్.ఇ.డి. ట్యూబులు అమర్చితే 1,200 యూనిట్లు చాలు. యూనిట్ 9 రూపాయలనుకుంటే ఏడాదికి 18,900 రూపాయలు మిగులుతాయి. ట్యూబు 300 రూపాయల చొప్పున పెట్టుబడి 6,000. నాలుగు నెలలలోపే అది తిరిగి వస్తుంది. దీపాల వేడి తగ్గినందువల్ల ఎయిర్ కండిషనర్‌పై తగ్గే భారం దీనికి అదనం.

మరి జాప్యమెందుకు? దుకాణం అద్దెది, పరాయి గోడలకు ఖర్చు ఎందుకన్నది ఒక సందేహం. ఖాళీ చేసేనాడు ట్యూబులను వెంట తీసుకుపోవచ్చునని మరువరాదు. నాసిరకం దీపాలు త్వరగా మాడిపోతాయన్నది మరో భయం. ఇది నిరాధారం కాదు. భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు, తయారీదారు హామీ చూసి కొనడమే దీనికి విరుగుడు.

దీపాలు మార్చడంతోనే బాధ్యత తీరదు. పట్టపగలు కిటికీలు మూసి దీపాలు వెలిగించడం, జనం లేని గిడ్డంగిలో రోజంతా లైట్లు వదిలివేయడం అవివేకం. వరుసకొక స్విచ్, గోడలకు లేతరంగు, దీపాలపై దుమ్ము తుడవడం వంటివాటికి పెద్ద ఖర్చు లేదు.

ప్రభుత్వానికీ ఇందులో కర్తవ్యం ఉంది. 2015 జనవరిలో ప్రారంభమైన ఉజాలా పథకం కింద 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. బల్బులు ప్రజలకు చేరాయి. పెద్దఎత్తున కొనుగోలు చేయడంతో 2014లో 310 రూపాయలున్న సేకరణ ధర 2016 నాటికి 38 రూపాయలకు దిగివచ్చింది. బల్బు ధరను బిల్లులో వాయిదాలుగా చెల్లించే వెసులుబాటును కూడా ఆ పథకం కల్పించింది. అయితే దాని ప్రధాన లక్ష్యం గృహ వినియోగదారులే. అదే వాయిదా పద్ధతిని విద్యుత్ పంపిణీ సంస్థలు చిన్న వ్యాపారులకు ట్యూబుల విషయంలో అమలు చేస్తే, ఒకేసారి డబ్బు పెట్టలేని కిరాణా కొట్టుకూ మేలు జరుగుతుంది. సాయంత్రపు గిరాకీ వేళ పంపిణీ సంస్థలపై పడే ఒత్తిడి కూడా కొంత తగ్గుతుంది.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు పెద్దలు. దుకాణానికీ ఆ మాట వర్తిస్తుంది. అయితే చక్కబెట్టడం ముందుగా ఆ దీపంతోనే మొదలుకావాలి.