ఆవిడకి ఆసక్తి లేదనకండి

హైదరాబాదు త్యాగరాయ గానసభలోనో, విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలోనో ఒంటరిగా వచ్చి కూర్చున్న మగమనిషిని పలకరించి, "ఇంట్లోవాళ్లు రాలేదాండీ?" అని అడిగి చూడండి. "మా ఆవిడకి ఇలాంటివాటి మీద ఆసక్తి లేదండీ" అన్న జవాబే తరచుగా వస్తుంది. దానికి ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. కచేరీ అయినా పద్యనాటకమైనా ఎవరి సరదా వారిదని, ఇద్దరూ కలిసి వెళ్లాలంటే సినిమా ఉంది కదా అని మనవాళ్లు ఎప్పుడో ఖాయం చేసేసుకున్నారు. ఆ అభిప్రాయం తప్పు. అందులో కొంత అన్యాయం కూడా ఉంది.

ఆసక్తి సంగతి తేల్చే ముందు గడియారం చూడాలి. మన సభల్లో కార్యక్రమం సాయంత్రం ఆరింటికో ఆరున్నరకో మొదలవుతుంది. ఆ వేళకి చాలా ఇళ్లలో ఆడమనిషి పొయ్యి దగ్గర ఉంటుంది. ఉద్యోగస్థురాలైతే అప్పుడే బస్సు దిగుతుంది. పిల్లల హోంవర్కు, మామగారి మందులు, రేపటికి దోసెలపిండి అన్నీ ఆ గంటలోనే ముంచుకొస్తాయి. భర్త చొక్కా మార్చుకుని ఇట్టే బయలుదేరగలిగాడంటే ఆ పనులన్నీ ఇంకొకరి నెత్తిన పడ్డాయి గనకే. తీరిక లేని మనిషికి ఆసక్తే లేదని ఏళ్ల తరబడి అంటూ ఉంటే, చివరికి ఆవిడ కూడా అది నిజమేననుకుంటుంది.

ఇది ఇవాళ పుట్టిన అలవాటు కాదు. తెలుగు నాటకం తొలినాళ్లలో చాలా సమాజాల్లో ఆడవేషాలు మగవాళ్లే కట్టారు. స్థానం నరసింహారావు కట్టిన సత్యభామ వేషం గురించి పెద్దలు చెబుతుంటే ఇప్పటికీ నోరు వెళ్లబెట్టి వింటాం. అంతటి కళ వెనకే, సంసార స్త్రీ రంగస్థలం ఎక్కకూడదన్న కట్టుబాటూ ఉంది. ఎక్కకూడని చోటికి వెళ్లి చూడటం మాత్రం ఏం మర్యాద అనుకున్న ఇళ్లకూ లోటు లేదు.

సురభి వాళ్లు వేరే దారి పట్టారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచకవధ'తో మొదలుపెట్టిన ఆ సమాజం కుటుంబాలు కుటుంబాలుగా పెరిగింది. ఆడవేషాలు ఆడవాళ్లే వేశారు. మొగుడూ పెళ్లాం ఒకే తెర ముందు పద్యం అందుకున్నారు, పిల్లలు ఆ తెరల మధ్యే పెరిగి వేషాలు కట్టారు. ఆకాశం నుంచి నారదుణ్ణి దింపే తీగలు లాగింది కూడా ఆ ఇంటి మనుషులే. ఆలుమగలు కలిసి తరాల తరబడి బతికించిన కళ అది. దాన్ని చూడటానికి ఆలుమగలు కలిసి ఎందుకు రారో నాకు బోధపడదు.

"అవన్నీ ఫోన్‌లోనే దొరుకుతున్నాయిగా" అంటారు. దొరుకుతాయి, నేనూ వింటాను. కానీ కచేరీలో ఆలాపన, నెరవల్, కల్పనస్వరాలు ముందే రాసిపెట్టుకున్నవి కావు. ఎదురుగా కూర్చున్నవాళ్ల తలలు ఊగుతుంటే గాయకుడు ఇంకో ఆవర్తనం ముందుకు వెళతాడు, చప్పగా ఉంటే ముగించేస్తాడు. పద్యనాటకంలో ఇది ఇంకా స్పష్టం. నటుడు రాగం ఎంతసేపు తీయాలో, పద్యం మళ్లీ అందుకోవాలో లేదో "వన్స్ మోర్" అని అరిచే జనం తేలుస్తారు. రికార్డింగులో మనం లేము. హాల్లో ఆ సాయంత్రాన్ని మనమూ కొంత తయారుచేస్తాం. దాన్ని ఇద్దరూ కలిసి తయారుచేస్తే, అది వాళ్లిద్దరి మధ్య ఉండిపోతుంది.

బలిజేపల్లి లక్ష్మీకాంతం 'సత్య హరిశ్చంద్రీయం'లో కాటిసీను తీసుకోండి. తరవాతి కాలంలో జాషువా పద్యాలు కూడా వచ్చి చేరిన దృశ్యం అది. హరిశ్చంద్రుడి వేషం కట్టిన డి.వి. సుబ్బారావు పేరు చెప్పగానే పాతతరం ప్రేక్షకులకి గుర్తొచ్చేది అదే. కొడుకు శవంతో వచ్చిన భార్య చంద్రమతిని గుర్తుపట్టక కాటిసుంకం అడుగుతాడు హరిశ్చంద్రుడు. తన కంటికి తప్ప ఎవరికీ కనిపించని మంగళసూత్రం చూశాక ఆమె ఎవరో తెలుస్తుంది. తెలిశాక కూడా సుంకం వదలడు. మగవాడు ఒక్కడే చూసి వస్తే ఇది సత్యం నెగ్గిన కథగానే మిగలొచ్చు. పక్కన భార్య కూర్చుంటే ఇంకో ప్రశ్న లేస్తుంది: ఇచ్చిన మాట ఆయనది, అమ్ముడుపోయింది ఆవిడ, ఇదేం ధర్మం? మా ఆయన రాజు పక్షం, నేను చంద్రమతి పక్షం. నాటకం చూసి ఆటో ఎక్కిన దగ్గర మొదలైన ఆ వాదన మా ఇంట్లో ఇంకా తెగలేదు. ఇన్నేళ్ల కాపురంలో మాట నిలబెట్టుకోవడం గురించి, అందుకు ఇంటివాళ్లు చెల్లించే వెల గురించి మేం అంత దాపరికం లేకుండా మాట్లాడుకున్నది ఆ నాటకం వల్లే. ఎవరికివారు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటే ఆ మాటలు పుట్టేవి కావు.

"మా ఆయనకి రాగాలు తెలియవు, తీసుకెళ్లి ఏం లాభం" అనే ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్లకీ ఇదే చెబుతాను. త్యాగరాజు, అన్నమయ్య, రామదాసు, క్షేత్రయ్య ఎక్కువగా పాడింది తెలుగులోనే. ఆ కృతుల కోసం తమిళ గాయకులు మన మాటలు నేర్చుకుని పాడుతున్నారు. తెలుగు మనిషికి సాహిత్యం చెవిన పడగానే సగం తలుపు తెరుచుకున్నట్టే. మా ఆయనకి కాంభోజికీ హరికాంభోజికీ తేడా ఈనాటికీ తెలియదు. తని ఆవర్తనంలో మృదంగం ఘటానికి జవాబు చెప్పేటప్పుడు ఆయన వేళ్లు కుర్చీ చేతి మీద ఆగవు. చుట్టూ ఉన్న పండితులు సరిగ్గా అప్పుడే లేచి కాఫీకి వెళతారు. ఆ పండితులకీ మా ఆయనకీ మధ్య సంగీతం ఎక్కువగా వింటున్నది ఎవరో నాకు సందేహం లేదు.

ఇక ఇవి రిటైరైనవాళ్ల కాలక్షేపమనే మాట. వయసులో ఉన్న జంటల్ని రానివ్వని వేళలు పెట్టి, వాళ్లు రావడం లేదనడం సబబు కాదు. సభల నిర్వాహకులు కళ మీద ప్రేమతో, చాలాచోట్ల చేతి డబ్బు పెట్టుకుని నడుపుతున్నారు. అది తెలిసే వాళ్లని అడుగుతున్నాను. ఆదివారం మధ్యాహ్నాలు కొన్ని మాకివ్వండి. టిక్కెట్టు పెట్టండి, కొంటాం. ఉచితమైనదాన్ని వాయిదా వేస్తారు, టిక్కెట్టు కొన్నాక ఆ పూట వంట ఎవరు చేయాలో ఇంట్లో ముందే తేల్చుకుంటారు. శాలువాలు, సన్మానాలు, ముఖ్య అతిథుల ప్రసంగాలు కచేరీ అయ్యాక పెట్టుకోండి. పసిపిల్లని పక్కింటి పెద్దావిడకి అప్పజెప్పి వచ్చిన జంటకి ఉన్నది రెండున్నర గంటలు. అందులో ముప్పావుగంట ఉపన్యాసాలకి పోతే వాళ్లు మళ్లీ రారు. ఎన్నింటికి ముగుస్తుందో కూడా ఆహ్వానపత్రంలో అచ్చు వేయించండి.