అరుగుట, అరిగిపోవుట, అరుగెక్కుట



‘అరుగు’ అన్న మాటకు తెలుగులో అర్థాలు అనేకం. క్రియగా, వెళ్ళుట అని ఒకటి. కావ్యాలలో రాజులు వేటకు అరుగుతారు. జీర్ణమగుట అని మరొకటి; తిన్న అన్నం అరుగుతుంది. క్షయించుట అని ఇంకొకటి. గంధపుచెక్క అరుగుతుంది, చెప్పు అరుగుతుంది. ఇక నామవాచకంగా అయితే ఇంటిముందరి తిన్నె. అరవై దాటినవాడు మోకాలు నొప్పి అనగానే వైద్యులూ బంధువులూ ఇరుగుపొరుగూ ఏకమై, ఆ మోకాలికి క్షయార్థాన్ని మాత్రమే మిగిల్చి, మనిషిని తీసుకువెళ్ళి తిన్నె మీద కూర్చోబెడుతున్నారు. ఈ టపా దానిమీద నా అభ్యంతరం.

నా సంగతి క్లుప్తంగా చెబుతాను. వయస్సు అరవై ఆరు. ఇరవై ఏళ్ళుగా వారానికి నాలుగు రోజులు పరుగెత్తుతున్నాను. భద్రాచలంలో గోదావరి కరకట్ట నా ప్రధాన మార్గం. అప్పుడప్పుడు ఎటపాక దారి. 2014లో మండలాలు విడిపోయిన పుణ్యమా అని ఆ దారిలో కాసేపు పరుగెత్తితే మరో రాష్ట్రంలో ప్రవేశించిన ఘనత కూడా దక్కుతుంది. నాలుగేళ్ళ క్రితం కుడిమోకాలి చిప్ప వెనుక నొప్పి మొదలైంది. రామాలయం మెట్లు ఎక్కేటప్పుడు లేదు, దిగేటప్పుడు ఉంది. ఎక్స్‌రే తీశారు. “గుజ్జు అరిగిపోయింది మాస్టారూ. పరుగు మానేయండి, మెట్లు ఎక్కకండి, నేల మీద కూర్చోకండి” అన్నారు. రోజూ పాలలో కలుపుకోవలసిన పొడి డబ్బా ఒకటి చేతిలో పెట్టారు. అంతా కలిపి ఐదు నిమిషాలు పట్టింది.

గుజ్జు! చింతపండుకు గుజ్జు ఉంటుంది, మామిడిపండుకు ఉంటుంది. గిన్నెలోంచి గరిటెడు తీస్తే గరిటెడు తరుగుతుంది. ఎవరు ప్రచారంలోకి తెచ్చారో గాని, ఈ ఒక్క మాట తెలుగువారి మోకాళ్ళకు చేసిన అపకారం ఇంతా అంతా కాదు. పుట్టినప్పుడు దేవుడు కొలిచి పోసిన సరుకు ఒకటి లోపల ఉన్నట్టు, అడుగుకొక చుక్క ఖర్చవుతున్నట్టు, పరుగెత్తేవాడు దుబారా మనిషి అయినట్టు మన మనస్సులలో బొమ్మ పడిపోయింది.

అక్కడ ఉన్నది మృదులాస్థి. అది బండి ఇరుసు కాదు, సజీవమైన కణజాలం. దానికి సొంత రక్తనాళాలు లేవు. పోషణ అంతా కీలులోని ద్రవం నుండే అందాలి. బరువు పడినప్పుడు అది నొక్కుకుని ద్రవాన్ని వదులుతుంది, బరువు తొలగినప్పుడు మళ్ళీ పీల్చుకుంటుంది. తడిగుడ్డను పిండి నీటిలో వదలడం వంటిది ఈ క్రియ. అంటే కదలికే దానికి భోజనం. నా భాషలో చెప్పాలంటే, అరిగితేనే, అనగా వెళ్తేనే, దానికి అరుగుతుంది. ఇక ఎక్స్‌రేలో మృదులాస్థి కనిపించదు. కనిపించేది ఎముకల నడుమ సందు మాత్రమే. ఆ సందుకూ నొప్పికీ పొంతన తక్కువ. సందు బాగా తగ్గినా నొప్పి లేనివారున్నారు, చక్కటి ఎక్స్‌రే చేత పట్టుకుని కుంటేవారూ ఉన్నారు.

“ఇవన్నీ పంతులుగారి ఉపమానాలు, నిదర్శనం ఏదీ?” అని మీలో తార్కికులు అడుగుతారని తెలుసు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 1984లో యాభై దాటిన పరుగువీరులు 538 మందినీ, పోల్చి చూడడానికి మరో 423 మందినీ తీసుకుని ఇరవై ఏళ్ళకు పైగా గమనించారు. 2008లో ప్రకటించిన ఫలితాల ప్రకారం పంతొమ్మిదేళ్ళ నాటికి పరుగెత్తేవారిలో చనిపోయినవారు 15 శాతం, తక్కినవారిలో 34 శాతం. లేవడం, నడవడం వంటి నిత్యకృత్యాలలో అశక్తత కూడా పరుగెత్తేవారికి ఎన్నో ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది. అదే పరిశోధనలో కొందరి మోకాళ్ళను ఎక్స్‌రేలతో దాదాపు రెండు దశాబ్దాలు చూశారు. పరుగు వల్ల కీళ్ళు ఎక్కువ చెడిన జాడ లేదు. ఆరోగ్యవంతులే పరుగెత్తుతారు గదా అన్న ఆక్షేపణ ఉంది, అది సమంజసమే. కాని అరుగుదల సిద్ధాంతమే నిజమైతే ఆ ఆరోగ్యవంతుల కీళ్ళయినా ఇరవై ఏళ్ళలో పిండి కావాలి గదా? 2017లో అనేక పరిశోధనలను కలిపి చూసిన సమీక్షలో తుంటి, మోకాలి కీళ్ళవాతం సరదాగా పరుగెత్తేవారిలో 3.5 శాతం, కూర్చుని ఉండేవారిలో 10.2 శాతం అని తేలింది. పోటీలలో వృత్తిగా పరుగెత్తేవారిలో 13.3 శాతం. ఈ చివరి అంకెను నేను దాచడం లేదు. అతి చేస్తే అన్నం కూడా అరగదు.

మరి అమ్మకానికి ఉన్నవాటి సంగతి? పొడి డబ్బాలలో ప్రధానంగా ఉండే గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్‌లను అమెరికా ప్రభుత్వ సంస్థల ఆధ్వర్యంలో 1583 మంది మీద పరీక్షించారు. 2006లో వచ్చిన ఫలితం: మొత్తం మీద ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగు లేదు. గొట్టం పెట్టి కీలును కడిగి గీకే శస్త్రచికిత్స కథ మరీ విచిత్రం. 2002లో హ్యూస్టన్ వైద్యులు 180 మందిని తీసుకుని, కొందరికి నిజంగా చేశారు, కొందరికి చర్మం మీద గాట్లు పెట్టి కుట్టేశారు. రెండేళ్ళ తరువాత అందరికీ ఒకటే ఫలితం! కీలులోకి స్టెరాయిడ్ సూదిని మూడు నెలలకొకసారి రెండేళ్ళపాటు ఇచ్చి చూసిన 2017 నాటి పరిశోధనలో మృదులాస్థి మరింత తరిగింది, నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గుజ్జు కాపాడుతామంటూ గుజ్జును తీసే వైద్యమన్నమాట.

ఇదంతా నాకు వాదసరదా కాదు. నాతో పనిచేసిన వ్యాయామోపాధ్యాయుడు ఒకాయన ఉన్నాడు. ఈల వేస్తే బడి మైదానమంతా నిశ్శబ్దమయ్యేది. “అరిగిపోయాయి, నడవకండి” అన్న మాటను వేదవాక్యంగా తీసుకుని రెండేళ్ళు వాలుకుర్చీకి అంకితమయ్యాడు. మోకాళ్ళు ఏమీ బాగుపడలేదు. తొడలు సన్నబడ్డాయి, చక్కెర పెరిగింది, ఇప్పుడు లేవాలంటే కొడుకు చెయ్యి కావాలి. ఆయనను కూల్చినది కీలు కాదు, విశ్రాంతి.

ఇంకొక మనిషి. చర్ల వైపు నుండి వచ్చే కోయ మహిళ. ఎండాకాలంలో తునికాకు కోత, వానాకాలంలో వరినాట్లు. ఆమెకూ అదే చీటీ: నేల మీద కూర్చోవద్దు, వంగవద్దు, నడవవద్దు. కూర్చోకుండా ఆకు కట్టలు ఎలా కట్టాలి? వంగకుండా నాటు ఎలా వెయ్యాలి? చీటీ రాసినవారికి ఆ ప్రశ్న తోచలేదు. ఆమె చీటీని మడిచి కొంగున కట్టుకుని పనికి పోయింది. సలహా పాటించినవాడు మంచాన పడితే, పాటించలేనిది తప్పు చేస్తున్నానన్న భయంతో బతుకుతున్నది. అడవిలో మోకాళ్ళు నొప్పి పుట్టవని నేను అనను. బరువులు మోసే బతుకులో నొప్పి తప్పదు. ఆమెకు చెప్పవలసింది మానమని కాదు, బరువు ఎలా పంచుకోవాలో, కాలి కండ ఎలా పెంచుకోవాలో.

నేను ఏమి చేశానో అడుగుతారు గనుక రాస్తున్నాను. పరుగు మానలేదు, దూరాన్ని సగం చేశాను. ఖమ్మంలో ఒక ఫిజియోథెరపిస్టు, మా శిష్యుల ఈడు అమ్మాయి, ఎక్స్‌రేను పక్కన పెట్టి నన్ను ఒంటికాలి మీద నిలబెట్టి చూసింది. తొడ ముందు కండరమూ తుంటి పక్క కండరమూ బలహీనపడ్డాయని, చిప్ప మీద భారం అందుకే పడుతున్నదని చెప్పింది. మందు ఏమిటనుకున్నారు? గుంజీళ్ళు! బడిలో శిక్ష, వినాయకుడి ముందు భక్తి, ఇప్పుడు చికిత్స. గోడకు ఆనుకుని సగం వరకే, రోజు విడిచి రోజు. పక్కకు పడుకుని కాలు ఎత్తడం, మెట్టు మీద నుండి నెమ్మదిగా దిగడం. పరుగులో అంగలు చిన్నవి చేసి అడుగుల సంఖ్య పెంచమంది. నూటికి ఐదో పదో పెంచినా మోకాలి మీద భారం తగ్గుతుందని 2011లోనే పరిశోధకులు కొలిచి చూపారట. నొప్పికి ఒక నియమం చెప్పింది: పరుగులో కొద్దిపాటి నొప్పి ఫరవాలేదు, మర్నాటి ఉదయానికి అది మామూలు స్థితికి రావాలి. రాకపోతే దూరం తగ్గించాలి. మూడు నెలలకు మెట్లు దిగడం సుఖమైంది. పొడి డబ్బా మూత ఇంతవరకు తీయలేదు.

మోకాలు వాచినా, ఎర్రబడి వేడెక్కినా, మధ్యలో పట్టేసి మడత విడకపోయినా, కాలు జారిపోతున్నట్టు ఉన్నా, రాత్రి నిద్రలో నొప్పి లేపినా, కింద పడి దెబ్బ తగిలినా గుంజీళ్ళ జోలికి పోకుండా మంచి ఎముకల వైద్యుని వద్దకు వెళ్ళండి. కీలు మార్పిడితో మళ్ళీ నడక దక్కించుకున్న మిత్రులు నాకున్నారు, ఆ శస్త్రాన్ని నేను నిందించడం లేదు. నా తగవు, చూడకుండా, కదిపించకుండా, ఐదు నిమిషాలలో మనిషికి నడకను నిషేధించే మాటతోనే.

రోజుకు పది గంటలు కంప్యూటరు ముందు కూర్చునే మీలో చాలామందికి నలభై దాటింది. అరుగు మీది వాసం మీకు అప్పుడే అలవాటయింది, కాకపోతే మీ అరుగుకు చక్రాలున్నాయి. వచ్చే నెల మా విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఎక్స్‌రేలు తెచ్చుకునేవారు తెచ్చుకోవచ్చు. నేను మాత్రం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఎందరు లేవగలరో చూస్తాను. వ్యాయామోపాధ్యాయుణ్ణి ముందు వరుసలో కూర్చోబెట్టమని చెప్పి ఉంచాను.