మందు కొట్టని మడిలో నేను కొట్టిన మందు

ఈ పోస్టు కొంచెం పొడుగు. నారుమళ్ళు పోసే హడావుడి మొదలవకముందే ఓపిగ్గా చదవండి.

మొన్న టీకొట్టు దగ్గర ఒక మాట విన్నా. వ్యవసాయ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడొకడు పక్క ఊరికి వచ్చి, ప్రయోగానికి పదిహేను సెంట్లు ఇస్తారా అని అడిగాడంట. ముగ్గురు రైతులు కుదరదన్నారంట. "మన పొలంలో పురుగులు లెక్కపెట్టుకుని వాళ్ళు డాక్టర్లు అవుతారు, మనకేం ఒరుగుద్ది?" అన్నాడు ఒకాయన. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇలాంటి ఒక అమ్మాయికి నేను పొలం ఇచ్చా. ఇచ్చి, ఆ అమ్మాయి ఏడాది కష్టం పాడుచేశా. ఆ సంగతి మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. ఇవాళ మీకు చెప్తున్నా.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. ఆఖరి ఏడాదిలో మన ఊళ్ళలో వచ్చి ఉండే బీఎస్సీ పిల్లలు, అదే రావెప్ పిల్లలు, మన దగ్గర సేద్యం చూసి నేర్చుకోవడానికి వస్తారు. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ పిల్లలు అందుకు రారు. వాళ్ళ చేతిలో ఒక ప్రశ్న ఉంటది. దానికి జవాబు పుస్తకంలో దొరకదు, పొలంలోనే తేలాలి. అందుకే మన గడప ఎక్కుతారు.

కొన్నేళ్ళ కిందట ఖరీఫ్‌లో ఆ అమ్మాయి వచ్చింది. "బాబాయ్ గారూ, సుడిదోమ మీద పని చేస్తున్నానండీ" అంది. నేను వేసేది సాంబ మసూరి, అదే మన బీపీటీ 5204. దోమకి అది ఎంత ఇష్టమో మీకు చెప్పక్కర్లేదు. రోడ్డు పక్క పదిహేను సెంట్లు ఇచ్చా. దాన్ని 24 చిన్న మడులు చేసింది. ఆరు పద్ధతులు, ఒక్కోటి నాలుగు మడుల్లో. ఒకదాంట్లో కాలిబాటలు, ఒకదాంట్లో వేపనూనె, ఒకదాంట్లో మనం అలవాటుగా కొట్టే పైరిథ్రాయిడ్ మందు, రెండింట్లో వేరే మందులు. ఆరోదాంట్లో ఏమీ లేదు. దాన్ని కంట్రోల్ అంటారంట.

ఏ మడిలో ఏది రావాలో చీటీలు వేసి తీసింది. అదేంటమ్మా అంటే, "కాలవ పక్క మడిలో పైరు బలంగా ఉంటది, చివర మడిలో పలచగా ఉంటది కదండీ. నాకు నచ్చిన మందుని మంచి మడిలో పెట్టుకుంటే, మందు గొప్పదో మడి గొప్పదో ఎలా తెలుస్తుంది?" అంది. ముప్పై ఏళ్ళ సేద్యంలో కొత్త మందు కొట్టి చూసినప్పుడల్లా నేను ఈ తప్పే చేశానని అప్పుడు తెలిసింది.

వెళ్ళేముందు ఒకటే మాట అడిగింది. "ఆ నాలుగు మడుల్లో మాత్రం చుక్క మందు పడకూడదండీ. పైరు పోయినా సరే." నేను మాటిచ్చా.

అక్టోబరులో నాలుగు రోజులు మబ్బు పట్టింది. దుబ్బు తడితే పొట్టులాగా రాలింది దోమ. మందు లేని మడుల్లో ఒకచోట సుడి తిరగడం మొదలైంది. పక్క పొలం ఆయన గట్టు మీదకొచ్చి, "నువ్వు పెంచి మా మీదకి తోల్తావా?" అన్నాడు. ఆయన భయం అబద్ధం కాదు. నాకూ మిగతా మూడెకరాల మీద భయమే. చేతులారా పెంచిన పైరు కళ్ళ ముందు మాడుతుంటే చూస్తూ కూర్చోవడం రైతుకి తెలియని విద్య. చీకటిపడ్డాక తైవాన్ పంపు వీపుకి తగిలించుకుని వెళ్ళి, నాలుగు మడులూ తడిపేశా.

ఆ అమ్మాయి వారానికి ఒకసారి తెల్లారకముందే రెండు బస్సులు మారి వచ్చేది. మడికి పది దుబ్బులు, మోకాళ్ళ మీద వంగి, మొదళ్ళ దగ్గర దోమల్ని, సాలీళ్ళని, మిరిడ్ నల్లుల్ని విడివిడిగా లెక్కపెట్టి రాసుకునేది. ఆ వారం వచ్చి, మందు లేని మడి దగ్గర చాలాసేపు ఆగిపోయింది. దోమ లేదు. సాలీడు కూడా లేదు. "బాబాయ్ గారూ, ఇక్కడ ఎవరన్నా మందు కొట్టారా అండీ?" అనడిగింది. లేదమ్మా అన్నా. నా మాట నమ్మి, ఆ అంకె రాసుకుంది.

మూడు రోజులు అన్నం సహించలేదు. ఫోన్ చేసి నిజం చెప్పేశా. అవతల కాసేపు మాట రాలేదు. తర్వాత "చెప్పి మంచి పని చేశారండీ" అంది. వాళ్ళ గైడుకి చెప్పి, ఆ సీజన్ లెక్కలన్నీ పక్కన పెట్టేసింది. కావాలంటే ఆ అంకెల్ని అలాగే రాసుకుని పుస్తకం కట్టేయొచ్చు. అడిగేవాడు లేడు, చూసింది నేనొక్కణ్ణే. అలా చేయలేదు. ఆ ఏడాది పోయింది.

ఎంతకోసం చేశానో లెక్క వేసుకున్నా. మందు లేని మడులు నాలుగూ కలిపితే రెండు సెంట్లు. మంచిగా పండినా 75 కిలోల బస్తా ఒక్కటి నిండదు.

మరుసటి ఖరీఫ్‌కి మళ్ళీ నా గుమ్మంలోకే వచ్చింది. ఇంకెక్కడికన్నా పోతుందనుకున్నా. ఈసారి పక్క పొలం ఆయన్ని నేనే పిలిచి కూర్చోబెట్టా. ఎందుకు కొట్టకూడదో ఆ అమ్మాయి ఆయనకి చెప్పింది. ఆయన వైపు గట్టు వెంట మా ఇద్దరి పొలాల్లోనూ కాలిబాటలు తీశాం. ఆ నాలుగు మడుల జోలికి ఎవరం పోలేదు.

ఆ ఏడాది తేలింది ఇది. పైరిథ్రాయిడ్ కొట్టిన మడుల్లో దోమ మొదట తగ్గి, తర్వాత మందు లేని మడుల్లో కన్నా ఎక్కువైంది. కారణం పుస్తకాల్లో ఎప్పట్నించో ఉన్నదే. ఆ మందు దోమని తినే సాలీళ్ళని, నల్లుల్ని ముందు చంపేస్తుంది. అడుగున మిగిలిన దోమకి ఇక అడ్డు ఉండదు. పుస్తకంలో ఉన్నది వేరు, మన గట్టు మీద నిలబడి చూడటం వేరు. నేను ఏటా డబ్బులు పెట్టి కొని దోమని పెంచుతున్నా. మొదటేడు నా అబద్ధమే పుస్తకంలోకి ఎక్కి ఉంటే ఏమయ్యేది? "ఏమీ చేయకపోయినా దోమ రాలేదు, కాలిబాటలకి ఉపయోగం కనపడలేదు" అని తేలేది. రేపు అదే సలహాగా తిరిగి మన ఊరికే వచ్చేది.

మనకేం ఒరుగుద్ది అన్న పెద్దమనిషికి ఒక సంగతి చెప్పాలి. పశ్చిమ గోదావరిలో మారుటేరు పరిశోధన స్థానం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ, ఎంటీయూ 7029, మనందరికీ తెలుసు. ఒడిశా, బెంగాల్ దాకా పాకిన రకం. దాని బలహీనత ముంపు. వారం పైన మునిగితే పోయినట్టే. ఒడిశా రైతుల దగ్గర మాత్రం ముంపుకి తట్టుకునే పాత దేశవాళీ వరి ఉండేది. దాన్నుంచి ఏరి తీసిన రకం ఎఫ్ఆర్ 13ఏ. దిగుబడి తక్కువ, కానీ నీళ్ళ కింద బతికేది. ఎందుకు బతుకుతుంది? అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్‌లో కెనాంగ్ షూ అనే విద్యార్థి, డేవిడ్ మెకిల్ అనే గైడు కింద ఈ ప్రశ్న పట్టుకున్నాడు. తట్టుకునేదాన్నీ తట్టుకోనిదాన్నీ కలిపి, పుట్టిన మొక్కల్ని నీళ్ళలో ముంచి, ఏది బతికింది ఏది చచ్చింది అని లెక్క కట్టాడు. ఆ గుణం తొమ్మిదో క్రోమోజోము మీద ఉందని 1996లో ఇద్దరూ ప్రచురించారు. అసలు జన్యువు ఏదో 2006లో తేలింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దాన్ని మన స్వర్ణలోకి ఎక్కించింది. 2009లో స్వర్ణ సబ్-1 మన దేశంలో విడుదలైంది. రెండు వారాల దాకా మునిగినా మళ్ళీ చిగురేస్తుంది. ఆ విద్యార్థి లెక్క నుంచి రైతు చేతికి విత్తనం రావడానికి పదమూడేళ్ళు పట్టింది. ఆ లెక్కలో చచ్చిన మొక్కల్ని ఎవరన్నా జాలిపడి బతికించి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

అలాగని తప్పంతా మనదే అననూ. యూనివర్సిటీల వాళ్ళకీ నా మాట ఉంది. మన పొలంలో తేలింది ఇంగ్లీషులో థీసిస్ అయి, కృషికోశ్ అనే వెబ్‌సైటులో పడి ఉంటది. పొలం ఇచ్చిన రైతు దాన్ని చదవలేడు. ప్రతి థీసిస్‌కీ ఒక్క పేజీ తెలుగులో రాసి, పంట కోశాక అదే ఊళ్ళో చెట్టు కింద చదివి వినిపించాలి. అది చేయందే డిగ్రీ ఇవ్వకూడదనేది నా అభిప్రాయం. మందు లేని మడికి పోయిన పంట ఖరీదు ముందే కాగితం మీద రాసివ్వాలి. బస్తా వడ్ల భారం కౌలు రైతు మీద పెట్టి నిజాయితీ అడగడం న్యాయం కాదు. పక్క పొలాల వాళ్ళకి చెప్పే బాధ్యత ఒంటరిగా వచ్చిన ఆ పిల్ల మీద వదిలేయకుండా గైడు కూడా ఒకసారి గట్టెక్కాలి.

మన వంతు ఇంతే. ఇవ్వడం ఇష్టం లేకపోతే మొహం మీదే లేదని చెప్పండి, ఇంకో ఊరు చూసుకుంటారు. ఇస్తే మాత్రం ఆ మడి జోలికి పోకండి. ఎన్నిసార్లు కొట్టారు, ఎంత యూరియా వేశారు అని అడిగితే, సిగ్గుపడి తగ్గించి చెప్పకండి. పొరపాటున చేయి పడితే అదే రోజు చెప్పేయండి.

ఆ పక్క ఊరి కుర్రాడి నంబరు కనుక్కుని నిన్న ఫోన్ చేశా. రోడ్డు పక్క పదిహేను సెంట్లు అలాగే ఉన్నాయి, నారు పోయకముందే వచ్చి చూసుకోమన్నా. వచ్చే ఆదివారం వస్తానన్నాడు. పక్క పొలం ఆయనకి కూడా చెప్పి ఉంచా.