చదవని పుస్తకాన్ని తమ్ముళ్లకు చెప్పకండి

పోస్టు పొడుగ్గానే ఉంది, తీరిక చూసుకుని చదవండి. తిట్టాలనిపిస్తే తిట్టండి, కాకపోతే చివరిదాకా చదివి తిట్టండి.

ఏటా కౌన్సెలింగ్ ముగిసి, సీఎస్ఈ సీటు వచ్చిన మన పిల్లలు హాస్టళ్లలో సామాన్లు దించుకుంటున్న రోజుల్లోనే గ్రూపులోకి ఒక లిస్టు దిగుతుంది. "ప్రతి ప్రోగ్రామర్ చదివి తీరాల్సిన 50 పుస్తకాలు." ఎక్కడో ఎవరో తయారుచేసింది, మనవాళ్లు ఫార్వర్డ్ చేసింది. పైన డొనాల్డ్ క్నూత్ 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' ఉంటుంది. దాని మొదటి సంపుటం 1968లో వచ్చింది, రాస్తున్న ఆయనే ఇంకా పూర్తి చేయలేదు. దాని కింద 1,200 పేజీలు దాటిన 'ఇంట్రొడక్షన్ టు అల్గారిథమ్స్'. కింద వరసగా "థాంక్స్ అన్నా" అని కామెంట్లు. లిస్టు పెట్టినవాళ్లనే అడిగాం, అన్నా ఇందులో నువ్వు చదివినవి ఎన్ని అని. "సేవ్ చేసుకున్నా, చదవాలి" అన్నారు.

మేము చెప్పదలచుకున్నది ఇదే: ఆ లిస్టు సాయం కాదు. మన తమ్ముళ్ల, చెల్లెళ్ల నెత్తిన పెట్టే మూట.

మూట అని ఎందుకంటున్నామో చూడండి. పదో తరగతి దాకా గిరిజన గురుకులంలో తెలుగు మీడియంలో చదివి, ఇంటర్‌లో ఇంగ్లీషుతో కుస్తీ పట్టి, గూడెం నుంచో తండా నుంచో మొదటిసారి సిటీకి వచ్చిన పిల్ల ఉంటుంది. ఆ లిస్టులోని మొదటి పుస్తకం తెరుస్తుంది. పదో పేజీ దాటదు. మూసేస్తుంది. మూసేటప్పుడు "ఈ పుస్తకం నాకు ఇప్పుడు కాదు" అనుకోదు. "నేను దీనికి పనికిరాను" అనుకుంటుంది. అసలు నష్టం అక్కడే జరుగుతుంది. ఇంట్లో సాఫ్ట్‌వేర్ బాబాయో, అమెరికా అక్కో ఉన్న పిల్లలకు "అది తర్వాత చదువుదువులే, ముందు ఇది చూడు" అని చెప్పే నోరు ఒకటుంటుంది. మన పిల్లలకు ఆ నోరు లేదు. మనం పెట్టే లిస్టే వాళ్లకు ఆ బాబాయి, ఆ అక్క. అందుకే దాన్ని ఫార్వర్డ్ చేసి చేతులు దులుపుకోవడం కుదరదు అంటున్నాం.

ఒక్క ఉదాహరణ. ప్రతి లిస్టులోనూ మొదటి ఐదింటిలో కెర్నిగన్, రిచీ రాసిన 'ది సి ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్' ఉంటుంది. 1978లో వచ్చింది, 1988లో రెండో ఎడిషన్. సన్నని పుస్తకం, మూడు వందల పేజీలు కూడా లేవు, చూడగానే ధైర్యం వస్తుంది. కానీ ఆ పుస్తకం ముందుమాటలో రచయితలే చెప్పారు, ఇది ప్రోగ్రామింగ్ మొదలుపెట్టేవాళ్ల పుస్తకం కాదని, వేరియబుల్, లూప్, ఫంక్షన్ లాంటివి కొంత తెలిసి ఉండాలని. రాసినవాళ్లే కాదన్నదాన్ని మనం మొదటి పుస్తకం అని పిల్లల చేతిలో పెడుతున్నాం. ముందుమాట కూడా చదవకుండా సిఫార్సు చేస్తే ఇలాగే ఉంటుంది.

ఇంకో ఉదాహరణ 'స్ట్రక్చర్ అండ్ ఇంటర్‌ప్రిటేషన్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామ్స్'. 1985 నాటిది. అమెరికాలో ఎంఐటీలో ఏళ్ల తరబడి మొదటి ప్రోగ్రామింగ్ కోర్సుకు ఇదే పాఠ్యపుస్తకంగా ఉండేది. గొప్ప పుస్తకం, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, మాకు ఇష్టం కూడా. కానీ మొదటి అధ్యాయంలోనే న్యూటన్ పద్ధతిలో వర్గమూలం, ఆ తర్వాత అవకలనం, సమాకలనం వచ్చేస్తాయి. భాష చూస్తే స్కీమ్, మన సిలబస్‌లో ఎక్కడా కనిపించదు. దాన్ని మూడో ఏడాదిలో నలుగురు కలిసి కూర్చుని చదివితే కళ్లు తెరుచుకుంటాయి. మొదటి నెలలో ఒంటరిగా చదివితే పుస్తకం మూతపడుతుంది.

ఇక్కడ కొందరు అన్నలు గట్టిగానే అడ్డు తగిలారు. "మనవాళ్లంటే చిన్న పుస్తకాలేనా? బయటివాళ్లు మనల్ని తక్కువ చేసేది చాలక మీరూ స్థాయి తగ్గిస్తారా?" అన్నారు. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయలేం. క్లాసులో "కోటా" అనే గుసగుస విన్న ప్రతి ఒక్కరికీ ఆ మాట గుండెల్లో తగులుతుంది. కానీ మేం తగ్గించమంటున్నది స్థాయిని కాదు, వరస పెట్టమంటున్నాం. గుట్ట ఎక్కేవాడికి దారి చూపిస్తే గుట్ట ఎత్తు తగ్గిపోదు. 1,200 పేజీల పుస్తకం లిస్టులో ఉంటుంది. దాని పక్కన "ఎప్పుడు, ఏది చదివాక, ఎవరితో కలిసి" అని కూడా ఉంటుంది. అసలు పరువు కోసం పెద్ద పుస్తకాల పేర్లు చెప్పుకుని ఏదీ పూర్తి చేయకపోవడమే స్థాయి తగ్గడం.

ఈ మాట ముందే తెలుసుకున్న మాస్టారు ఒకాయన ఉన్నారు. అలెన్ డౌనీ అనే అమెరికా అధ్యాపకుడు 1999లో కొత్త పిల్లలకు జావా చెప్పాల్సి వచ్చింది. లావు పుస్తకంలో వారానికి యాభై పేజీలు చదవమంటే పిల్లలు చదవడం లేదు, ఫెయిలవుతున్నారు. యాభై పేజీలు చదవకపోవడం కంటే పది పేజీలు చదవడం మేలని తనే ఒక చిన్న పుస్తకం రాసి, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని ఉచిత లైసెన్సుతో వదిలేశారు. జెఫ్ ఎల్క్‌నర్ అనే హైస్కూలు మాస్టారు అనుమతి కోసం తిరగకుండా దాన్ని తన పిల్లల కోసం పైథాన్‌లోకి మార్చేశారు. అదే పెరిగి పెరిగి ఇవాళ్టి 'థింక్ పైథాన్' అయింది. పిల్లలను చూసి పుస్తకాన్ని కట్ చేశారే తప్ప, పుస్తకాన్ని చూసి పిల్లలను కట్ చేయలేదు.

రెండో వర్గం అసలు పుస్తకాలే వద్దంటుంది. "యూట్యూబ్ ఉంది, అమీర్‌పేట ఉంది, ఇప్పుడు ఏఐ వచ్చింది, ఇంకా పుస్తకాలేంటి?" వీడియోలు చూడొద్దని మేం అనడం లేదు. కానీ సెలవులకు ఇంటికెళ్తే సిగ్నల్ కోసం గుట్టెక్కాల్సిన ఊళ్లు మనవి. గంట వీడియోకు వందల ఎంబీలు పోతాయి. పుస్తకం పీడీఎఫ్ ఒక్కసారి దించుకుంటే కరెంటున్నా లేకున్నా, నెట్ ఉన్నా లేకున్నా మనదే. జెరాక్స్ తీయిస్తే ఫోన్ కూడా అక్కర్లేదు. ఇక కోచింగ్ ఫీజు ఎక్కడి నుంచి వస్తుంది? అమ్మ కుదువబెట్టిన పుస్తెల నుంచో, ఎప్పుడు పడుతుందో తెలియని ఎంటీఎఫ్ నుంచో. తొంభై రోజుల్లో అంతా నేర్పిస్తామనే బోర్డు చూసి ఆ డబ్బు కట్టేముందు, ఉచితంగా దొరికే ఒక్క పుస్తకం పూర్తి చేసి చూడమంటున్నాం.

ఏఐ సంగతి. అది కోడ్ రాస్తుంది, నిజమే. అది రాసిన నలభై లైన్లలో తప్పు ఎక్కడుందో ఎవరు చూస్తారు? చదవడం వచ్చినవాడు చూస్తాడు. రాసిపెట్టే యంత్రం వచ్చాక చదవగలిగేవాడి విలువ పెరిగిందే తప్ప తగ్గలేదు. చదవడం రానివాడికి అది ఏం రాసిచ్చినా వేదమే.

ఇప్పుడు భాష. "ప్రోగ్రామింగ్ తెలుగులో కుదరదు" అంటారు. కుదరనిదల్లా రికర్షన్‌కూ కంపైలర్‌కూ ఎవరికీ అర్థంకాని సంస్కృత పదాలు పుట్టించడం. రికర్షన్‌ను రికర్షన్ అనే రాసి, అదేంటో మన మాటల్లో చెబితే ఎందుకు కుదరదు? క్లాసులో మన పిల్లలు ఒకరికొకరు చెప్పుకునేది అలాగే కదా. 1940ల్లో హైమెండార్ఫ్ హయాంలో మార్లవాయిలో గోండు పిల్లలకు చదువు మొదలైనప్పుడు గోండీలోనే వాచకాలు తయారుచేశారు. అప్పుడు కుదిరింది ఇప్పుడు చేతిలో ఫోన్ ఉండగా కుదరదంటే నమ్మాలా?

లైసెన్సుల సంగతి కూడా తెలుసుకోవాలి, చాలామంది చూడరు. 'థింక్ పైథాన్', 'ప్రో గిట్' వ్యాపారానికి కాకపోతే అనువదించి పంచుకోవచ్చు, మూల రచయిత పేరు చెప్పాలి. 'ది లైనక్స్ కమాండ్ లైన్' ఉచితంగా చదవొచ్చు, పంచొచ్చు, కానీ మార్చకూడదు, అంటే రచయిత అనుమతి లేకుండా అనువాదం పెట్టకూడదు. ఉచితంగా దొరికేదీ, అనువదించుకోవచ్చు అన్నదీ ఒకటి కాదు. దొంగ పీడీఎఫ్ లింకులు మన లిస్టులో ఉండకూడదు. ఆ లింకులు నెల తిరగకుండా చచ్చిపోతాయి, మన పేరూ పోతుంది.

ఇంకో కారణం ఉంది మన లిస్టు మనమే రాసుకోవడానికి. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊరి పేరుతో ఉన్న గుంజాల గోండీ లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. దానికి ముందు ఏడాది మసరాం గోండీ వచ్చింది. సవర భాష రాసే సొరాంగ్ సొంపెంగ్ 2012లోనే వచ్చింది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి 3 బైట్లు పడితే ఈ మూడు లిపుల అక్షరానికి 4 బైట్లు కావాలి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో చాలాకాలం 'యూటీఎఫ్8' అనే పేరుతో ఉన్నది 3 బైట్ల దాకే పట్టేది. నాలుగు కావాలంటే 'యూటీఎఫ్8ఎంబీ4' అని విడిగా పెట్టాలి. అంటే పాత పద్ధతిలో కట్టిన హాస్టల్ రిజిస్టర్ సాఫ్ట్‌వేర్‌లో ఒక గోండు పిల్ల తన పేరు తన లిపిలో రాస్తే ఆ డేటాబేస్ తీసుకోదు. బయటి పుస్తకాల్లో ఈ సమస్యను ఇమోజీల సమస్యగా చెబుతారు, ఎందుకంటే ఇమోజీలకూ నాలుగు బైట్లే. నవ్వే బొమ్మ కోసం లోకం సర్దుకుంది. మన పేర్ల కోసం సర్దాల్సింది ఎవరు? మనమే. ఆ పని చేయగలిగే పిల్లలు రావాలంటే లిస్టులో ఆ పాఠం ఉండాలి. 50 పుస్తకాల ఫార్వర్డ్‌లో అది ఉండదు.

సరే, విమర్శ చేసి ఊరుకుంటే మేమూ ఫార్వర్డ్ బ్యాచే అవుతాం. ఇదిగో మా లిస్టు. ఆరే ఆరు. ఇవన్నీ మాలో ఎవరో ఒకరు, చెప్పిన మేరకు, అభ్యాసాలు చేస్తూ చదివినవే.

1. 'థింక్ పైథాన్', మూడో ఎడిషన్. మొదటి పుస్తకం ఇదే. 19 అధ్యాయాలు, వారానికి రెండు చొప్పున ఒక సెమిస్టర్ కూడా పట్టదు. లాప్‌టాప్ లేకపోతే, నెట్ ఉన్నప్పుడు ఫోన్ బ్రౌజర్‌లోనే కోడ్ నడిపించుకోవచ్చు.

2. 'ది లైనక్స్ కమాండ్ లైన్', విలియం షాట్స్. నాలుగు భాగాల్లో మొదటి భాగం చాలు. ల్యాబ్‌లో సిస్టమ్ ముందు కూర్చుని చదవండి, మంచం మీద కాదు.

3. 'ప్రో గిట్'. మొదటి మూడు అధ్యాయాలు. మిగతావి ఉద్యోగంలో అవసరమొచ్చినప్పుడు.

4. 'ది సి ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్'. మొదటిది పూర్తయ్యాకే. కాలేజీ లైబ్రరీలో అడగండి. ఐదో అధ్యాయం, పాయింటర్లు, దానికి మాత్రం తొందరపడకండి. కాగితం మీద డబ్బాలు, బాణాలు గీసుకుంటూ చదవండి.

5. 'ఓపెన్ డేటా స్ట్రక్చర్స్', పాట్ మోరిన్. రెండో ఏడాది. ఉచితం, అనువదించుకోవచ్చు కూడా. ఇది అయ్యాక ఆ 1,200 పేజీల పుస్తకం దగ్గరికి వెళ్లండి, అప్పుడు భయం ఉండదు.

6. యూనికోడ్ మీద జోయెల్ స్పోల్‌స్కీ 2003లో రాసిన వ్యాసం. ఒక పూట పని. అందులో యూటీఎఫ్-8 ఆరు బైట్ల దాకా పోతుందని ఉంటుంది, ఇప్పుడు నాలుగే. ఆ ఒక్కటి సరిచేసుకుని చదవండి. చదివాక మీ సొంత ప్రాజెక్టులో మీ ఊరి పేరు మీ లిపిలో ఎక్కుతుందో లేదో చూడండి.

ఈ లిస్టుకు ఎవరైనా పుస్తకం చేర్చవచ్చు. షరతులు మూడే. మీరు చదివి ఉండాలి. దానికి ముందు ఏం తెలిసి ఉండాలో, ఎన్ని వారాలు పడుతుందో, ఏ అధ్యాయం దాటేయవచ్చో రాయాలి. ఎవరికైనా అర్థం కాకపోతే ఫోన్ ఎత్తాలి. ఒకటి చేరిస్తే ఒకటి తీసేయాలి, లిస్టు ఆరు దాటకూడదు. ఏది తీస్తారో, ఎందుకో వాదించండి, మేం రెడీ.

చేయాల్సిన పని కూడా చెబుతున్నాం. 'థింక్ పైథాన్' అధ్యాయాలకు తెలుగులో నోట్స్ కావాలి. ఒక్కొక్కరు ఒక్క అధ్యాయం తీసుకోండి, పదేసి పేజీలు మించి అక్కర్లేదు. కోయ, గోండీ, సవర, గోర్ బోలీ వచ్చినవాళ్లు అదే అధ్యాయాన్ని ఫోన్‌లో మాట్లాడి ఆడియో చేయండి. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు మీరు చదివిన హాస్టల్‌కు ఒక జెరాక్స్ సెట్ బైండింగ్ చేయించి ఇవ్వండి. అధ్యాయం నంబరు, మీ పేరు కింద కామెంట్‌లో పెట్టండి. మొదటి నాలుగూ మేం తీసుకున్నాం. ఐదు నుంచి ఖాళీ ఉన్నాయి.

వచ్చే ఏడాది కొత్త పిల్లలు దిగే నాటికి గ్రూపులో ఆ 50 పుస్తకాల ఫార్వర్డ్ మళ్లీ కనిపిస్తే, కింద "థాంక్స్ అన్నా" అని పెట్టకండి. "ఇందులో నువ్వు ఏది చదివావన్నా?" అని అడగండి.

జోహార్.